అమ్మమ్మల బెంచీ

శ్రోతలకు నమస్కారం.

మా నాయనమ్మది తెలంగాణ పల్లె. ఎవరైనా అన్నం సరిగ్గా తినకుండా గోడ వంక చూస్తూ కూర్చుంటే "దానికేదో రంది పట్టుకుంది" అనేది. మా అమ్మ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున. ఆమె అదే సంగతిని "బెంగ పెట్టుకుంది" అంటుంది. మా పిల్లలేమో "టెన్షన్" అంటారు. రంది, బెంగ, దిగులు, మనాది, టెన్షన్. మాటలకేం కొదవ లేదు మనకు. కానీ ఏదైనా ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరికి వెళ్లి "నాకు రందిగా ఉందండీ" అని చెప్పి చూడండి. ఏ గదికి పంపాలో తెలియక ఆ కిటికీ వెనక మనిషి తల గోక్కుంటారు. పాపం, వాళ్ల తప్పేం లేదు. రందికి గది లేదు.

నగరాల్లో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చాలా పెద్ద విషయం. ఇచ్చినవి ఇరవై నిమిషాలు. అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పనట్టే అవుతుంది. అందుకని ఒక్క నగరం గురించి చెబుతాను. ఆ నగరంలో కూడా ఒక్క బెంచీ గురించి.

నగరం పేరు హరారే. జింబాబ్వే రాజధాని. క్రికెట్ చూసేవాళ్లకు పరిచయం అక్కర్లేదు. అక్కడ ఎక్కువమంది మాట్లాడేది షోనా భాష. మన రందికి సరిగ్గా అతికే మాట ఒకటి ఆ భాషలో ఉంది. కుఫుంగిసిస. అతిగా ఆలోచించడం అని అర్థం. ఆలోచనలు గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం, పక్క మీద వాలాక కూడా ఆగకపోవడం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కుఫుంగిసిస.

2005లో ఆ దేశంలో ఒక పెద్ద కష్టం వచ్చింది. ప్రభుత్వం నగరాల్లోని గుడిసెలను, తోపుడుబళ్లను, చిన్న చిన్న అంగళ్లను కూలగొట్టించింది. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరుకు అర్థం "చెత్త ఊడ్చేయడం". మనుషులున్న ఇళ్లను చెత్త అన్నారన్నమాట. దాదాపు 7 లక్షల మంది ఇల్లో, బతుకుతెరువో, రెండూనో పోగొట్టుకున్నారని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్క చెప్పింది. హరారేలో ఎంబరే అనే పేద బస్తీ ఉంది. దెబ్బ గట్టిగా తగిలిన చోట్లలో అదొకటి.

ఆ రోజుల్లో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు హరారేలో పనిచేస్తున్నాడు. కోటికి పైగా జనం ఉన్న ఆ దేశంలో సైకియాట్రిస్టులు పట్టుమని పదిహేను మంది కూడా లేరు. ఆయన దగ్గర వైద్యం పొందుతున్న యువతి ఒకరు ఉండేవారు. పాతికేళ్లు దాటి ఏడాదో ఏమో. ఒక రాత్రి దూరపు ఊరి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, ఆమె ప్రాణం తీసుకోబోయిందని. ఆ గండం గడిచింది. కాస్త కోలుకోగానే తల్లి ఆమెను వెంటబెట్టుకుని హరారే రావాలని అనుకున్నారు. వారం గడిచింది, రాలేదు. రెండు వారాలు, రాలేదు. మూడు వారాల తర్వాత తల్లి ఫోను చేసింది. అమ్మాయి ఇక లేదు.

"మరి ఎందుకు రాలేదమ్మా?" అని డాక్టరు అడిగాడు. "బస్సు ఛార్జీకి 15 డాలర్లు లేవు" అంది ఆ తల్లి.

ఈ మాట చిబాండా తర్వాత ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు. నాకు తోచేది ఒకటే. మందు ఉంది, డాక్టరు ఉన్నాడు, ఆయనకు వైద్యం తెలుసు, ఆమెకు రావాలనే ఉంది. మధ్యలో లేనిది బస్సు ఛార్జీ. ఆసుపత్రిలో కూర్చుని రోగుల కోసం ఎదురుచూసే పద్ధతి తనకిక పనికిరాదని ఆయన ఆ రోజుల్లోనే నిర్ణయించుకున్నాడు.

వెళ్లి పై అధికారులను అడిగాడు, ఎంబరేలో ఏదైనా చేద్దామని. వాళ్లిచ్చిన జవాబు వింటే మన ఆఫీసులు గుర్తుకొస్తాయి. డబ్బు లేదు. నర్సులను ఇవ్వలేం, వాళ్లకు ఊపిరాడని పని. క్లినిక్‌లో గది ఖాళీ లేదు. కావాలంటే బయట ఆవరణ వాడుకోండి, చెట్ల కింద. మనుషులంటారా, ఇదిగో, 14 మంది అమ్మమ్మలు.

నిజంగానే అమ్మమ్మలు. హరారే నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగం కింద బస్తీల్లో తిరుగుతూ టీకాలు వేయించుకోండి, నీళ్లు కాచుకోండి అని చెప్పే ఆరోగ్య కార్యకర్తలు. పెద్ద వయసు ఆడవాళ్లు. బస్తీలో వాళ్లను అంబుయా ఉతానో అంటారు, ఆరోగ్యపు అమ్మమ్మలు అని. పెద్ద చదువులు లేవు. కానీ ఎవరింట్లో ఎవరు తాగుతారో, ఎవరి కూతురు పుట్టింటికి వచ్చేసిందో, ఎవరు అద్దె కట్టలేక దాక్కుంటున్నారో వాళ్లకు తెలుసు. ఈ పద్నాలుగు మందితో ఏం చెయ్యాలో ఆ డాక్టరుకు మొదట పాలుపోయి ఉండదు. నేనైతే తిరిగి ఇంటికి వెళ్లిపోయేదాన్ని.

2006లో పని మొదలైంది. క్లినిక్ ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బెంచీ వేశారు. బెంచీకి పేరు పెట్టాలి కదా. డాక్టరుగారు డాక్టరుగారే. "మెంటల్ హెల్త్ బెంచీ" అని పెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు వచ్చి కూర్చోలేదు.

ఎందుకు కూర్చుంటారు? మన హైదరాబాదులో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి" అని నవ్వుతాం. అలాంటి బోర్డు పెట్టిన బెంచీ మీద, ఎదురింటి వాళ్లు చూస్తుండగా, మీరు కూర్చుంటారా? నేను కూర్చోను.

అమ్మమ్మలు డాక్టరును కూర్చోబెట్టి చెప్పారు. నాయనా, ఈ పేరు మార్చు. మా భాషలో పెడదాం. చిగారో చెకుపానమజానో. ఒకరికొకరు ఆలోచన చెప్పుకునే బెంచీ. ఇంగ్లిషులో అదే ఫ్రెండ్‌షిప్ బెంచ్ అయింది, స్నేహపు బెంచీ. ఇంకోటి కూడా చెప్పారు. డిప్రెషన్, యాంగ్జయిటీ అనే మాటలు మేం వాడం. కుఫుంగిసిస అంటాం. జనానికి అదే తెలుసు.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది ఈ మాటను ఎందుకు గుర్తుపెట్టుకోమన్నానో. కుఫుంగిసిస అనగానే కష్టంలో ఉన్నావిడ తలెత్తి చూస్తుంది. "అవును, నాకున్నది అదే" అంటుంది. నాకు రోగం ఉందని ఒప్పుకోవడం కష్టం. నాకు ఆలోచనలు ఎక్కువయ్యాయని ఒప్పుకోవడం అంత కష్టం కాదు.

ఆ బెంచీ దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను. ఇది ఫలానా ఒకరి కథ కాదు. అక్కడ తరచుగా వినిపించే కష్టాలను కలిపి చెబుతున్నాను.

ఒకావిడ తలనొప్పి అని క్లినిక్‌కు వచ్చింది. మూడోసారి రావడం. లోపల ఆమెను 14 ప్రశ్నలు అడుగుతారు. షోనా భాషలో, అక్కడి మనుషుల కోసమే తయారైన ప్రశ్నలు. ఈ వారంలో ఎప్పుడైనా చాలా విషయాల గురించి అతిగా ఆలోచించావా? నిద్ర పట్టడం లేదా? చిన్నదానికే కోపం వస్తోందా? ఏడుపొచ్చిందా? పని వెనకబడుతోందా? ఏం చెయ్యాలో తేల్చుకోలేకపోతున్నావా? చచ్చిపోవాలనిపించిందా? అవునా కాదా, అంతే. అవునులు ఎక్కువైతే "బయట చెట్టు కింద అమ్మమ్మ ఉంది, వెళ్లి కాసేపు కూర్చో" అంటారు.

అమ్మమ్మ పక్కకు జరిగి చోటిస్తుంది. చూడండి, ఎదురుగా బల్ల లేదు. బల్లకు అటు ఒకరు ఇటు ఒకరు కాదు, ఇద్దరూ ఒకే బెంచీ మీద. ముందు కాసేపు ఏమీ ఉండదు. తర్వాత మొదలవుతుంది. మొగుడికి పని పోయింది. ఇంటి ఓనరు రోజూ వచ్చి గొడవ. పెద్దవాడికి బడి ఫీజు కట్టలేదు. ఒంట్లో హెచ్ఐవీ ఉందని తెలిసి ఏడాది, అత్తగారికి చెప్పలేదు. అన్నీ ఒక్కసారే, దారప్పోగులు చిక్కుపడ్డట్టు వస్తాయి. అమ్మమ్మ ఆపదు. దీన్ని వాళ్లు కువురా ఫుంగ్వా అంటారు. మనసు తెరవడం.

అంతా అయ్యాక అమ్మమ్మ ఒక్క ప్రశ్న అడుగుతుంది. "ఇన్ని చెప్పావు కదా తల్లీ. వీటిలో ముందు ఏది పట్టుకుందాం?"

అదీ ప్రశ్న. వీటిలో ముందు ఏది?

జవాబు ఆమే చెప్పాలి, అమ్మమ్మ చెప్పకూడదు. ఆమె కాసేపు ఆలోచించి "ఇంటి ఓనరు" అంటుంది. సరే, ఓనరు సంగతికి ఏమేం చెయ్యొచ్చు? ఇద్దరూ కలిసి లెక్కేస్తారు. గడువు అడగొచ్చు. అన్న దగ్గర కొంత తేవచ్చు. కూరగాయలు అమ్మొచ్చు. వాటిలో ఒకటి ఆమే ఎంచుకుంటుంది. ఎప్పుడు వెళ్తావు? మంగళవారం. పొద్దునా సాయంత్రమా? సాయంత్రం, ఆయన భోంచేశాక. ఏమని అడుగుతావు? అక్కడే ఒకసారి అని చూసుకుంటుంది. అంతే. మిగతా మూడు కష్టాలూ అలాగే ఉన్నాయి. కానీ ఆమె బెంచీ మీద నుంచి లేచేసరికి మంగళవారం సాయంత్రం చెయ్యాల్సిన పని ఒకటి చేతిలో ఉంది. దీన్ని కుసిముద్జిర అంటారు, పైకి లేవనెత్తడం. తర్వాతి వారాల్లో మళ్లీ వస్తుంది, ఆ పని ఏమైందో చెబుతుంది. కుదరకపోతే ఇంకో దారి చూస్తారు. అది కుసింబిస, బలం పుంజుకోవడం. మొత్తం ఆరుసార్ల దాకా. రాకపోతే అమ్మమ్మే ఫోను చేస్తుంది, ఇంటికి కూడా వెళ్తుంది.

డాక్టర్లు దీన్ని ప్రాబ్లమ్ సాల్వింగ్ థెరపీ అంటారు. పేరు పెద్దదే, కానీ అమ్మమ్మలకు దాని కోసం ఇచ్చిన శిక్షణ పది రోజులు కూడా లేదు.

బాగానే ఉంది, కబుర్లతో జబ్బులు తగ్గుతాయా అని అడిగేవాళ్లుంటారు. నేనూ అడిగాను. దానికి జవాబు 2016 డిసెంబరులో వచ్చింది, జామా అనే అమెరికా వైద్య పత్రికలో. హరారేలో 24 క్లినిక్‌లు, 573 మంది మనుషులు. సగం క్లినిక్‌లలో మామూలు వైద్యం, సగం క్లినిక్‌లలో అమ్మమ్మల బెంచీ. ఆరు నెలల తర్వాత చూశారు. మామూలు వైద్యం పొందినవాళ్లలో నూటికి 50 మందికి డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో నూటికి 14 మందికే ఉన్నాయి. రేడియోలో అంకెలు గాలికి పోతాయంటారు, అందుకని మళ్లీ చెబుతున్నాను. అక్కడ 50, ఇక్కడ 14.

ఇదంతా అమ్మమ్మల గొప్పే అనుకుంటే పొరపాటు. చెట్టు కింద ఆమె ఒక్కతే కూర్చుని ఉన్నట్టు కనిపిస్తుంది గానీ ఆమె వెనక ఒక వరస ఉంది. పధ్నాలుగు ప్రశ్నల్లో "చచ్చిపోవాలనిపించిందా" అన్నదానికి అవునని వస్తే ఆమె తనలో దాచుకోదు. లోపల నర్సుకు చెబుతుంది. నర్సు పై వాళ్లకు ఫోను చేస్తుంది. మందులు అవసరమైతే డాక్టరు. అమ్మమ్మలకు జీతమిచ్చేది నగరపాలక సంస్థ. ఫలితాలు లెక్కగట్టింది విశ్వవిద్యాలయాల వాళ్లు. ఎవరి పని వాళ్లు చేశారు, తమది కాని పనిని పక్కవాళ్లకు అందించారు. ఊరుమ్మడి పని అంటే ఇదే కదా. నగరాల విషయంలో దీనికే భాగస్వామ్యం అని గంభీరమైన పేరు పెట్టి, సదస్సులు జరిపి, సమోసాలు తిని వెళ్లిపోతుంటాం.

ఆరు వారాలయ్యాక ఏమిటి? దానికీ అక్కడ ఒక దారి ఉంది. బెంచీ మీద కూర్చుని వెళ్లినవాళ్లంతా ఒక చోట కలుసుకుంటారు. కుబతన తోసె, అంటే చేతులు కలుపుదాం అని. వట్టి చేతులతో కూర్చోరు, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. సంచి అమ్మితే నాలుగు డబ్బులు. చేతికి పని ఉంటే నోరు తేలిగ్గా తెరుచుకుంటుందని పచ్చళ్లకు మామిడికాయలు తరిగే ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

తర్వాత ఈ బెంచీ దేశాలు తిరిగింది. మలావీకి, జాంజిబార్‌కు, న్యూయార్క్‌కు కూడా వెళ్లింది. న్యూయార్క్‌లో అమ్మమ్మలకు బదులు, ఒకప్పుడు మత్తుకు అలవాటుపడి బయటపడిన వాళ్లను కూర్చోబెట్టారు. అది నాకు నచ్చింది. ఆ ఊరి కష్టం తెలిసినవాళ్లే ఆ ఊరి బెంచీ మీద. 2022లో ఖతార్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు సమయంలో 32 జట్ల పేరిట 32 బెంచీలు పెట్టారు. మంచిదే, కాదనను. కానీ బెంచీలు మనకు తక్కువా? "ఫలానా వారి జ్ఞాపకార్థం" అని రాసిన సిమెంటు బెంచీలు మన ప్రతి పార్కులో ఉన్నాయి. ఉండాల్సింది బెంచీ మీద మనిషి.

మన సంగతికి వస్తాను. పాత ఇళ్లకు అరుగులుండేవి. సాయంత్రమైతే అరుగు మీద ఎవరో ఒక పెద్దావిడ. దారిన పోయే కోడలిపిల్ల ముఖం చూసి "ఏమే, అలా ఉన్నావేం?" అనేది. ఆ రోజులే మంచివి అని నేననను. ఆ అరుగు మీదే పుకార్లూ పుట్టేవి. చెప్పుకున్న కష్టం తెల్లారేసరికి ఊరంతా తిరిగేది. హరారే అమ్మమ్మకు శిక్షణలో నేర్పించేది, మన అరుగు మీద అమ్మమ్మకు ఎవరూ నేర్పనిది అదే, విన్నది కడుపులో పెట్టుకోవడం.

మనకు కావలసిన సరుకంతా ఉంది. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలున్నాయి. రెండు రాష్ట్రాల్లోనూ పదేసి మంది, పదిహేనేసి మంది ఆడవాళ్ల పొదుపు సంఘాలున్నాయి. ఎవరి ఇంట్లో ఏ కష్టముందో వాళ్లకు వాయిదా కట్టే రోజున తెలిసిపోతుంది. ఆశా కార్యకర్తలున్నారు. ఉన్నారు కదా అని ఈ పని కూడా వాళ్ల నెత్తిన పడేసి, ఇంకో రిజిస్టరు చేతికివ్వమని మాత్రం నేను అడగడం లేదు. ఇప్పటికే వాళ్ల సంచిలో రిజిస్టర్లు పట్టడం లేదు. హరారేలో ఈ పనికి సమయం కేటాయించారు, కష్టమొస్తే అడగడానికి పైన మనుషులను పెట్టారు. ఆ రెండూ లేకుండా చేస్తే అమ్మమ్మకే రంది పట్టుకుంటుంది.

ప్రభుత్వాలు ఎప్పుడు చేస్తాయో అది వాళ్లిష్టం. ఈ లోపల మీరూ నేనూ చేయగలిగినది ఒకటుంది. దానికి ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట నాతో పనిచేసే ఒకావిడ మధ్యాహ్నం డబ్బా తెరిచి, మళ్లీ మూసేసి, మాట్లాడటం మొదలుపెట్టింది. కొడుకు చదువు, ఇంటి లోను, ఇంకా ఏవేవో. నేను రెండు నిమిషాలు విన్నానో లేదో "ధైర్యంగా ఉండు. అందరికీ ఉంటాయి. మా చెల్లెలికి ఇంతకన్నా ఎక్కువ కష్టాలు" అన్నాను. తర్వాత యోగా చెయ్యమన్నాను. ఫలానా గుడికి వెళ్లమన్నాను. ఆవిడ "అవునవును" అంది. ఆ తర్వాత నాకెప్పుడూ ఏమీ చెప్పలేదు. కలిసి భోంచేసేవాళ్లం, కూరలు మార్చుకునేవాళ్లం, అంతే. హరారే అమ్మమ్మల గురించి చదివిన రోజు ఆ డబ్బా మూత చప్పుడు నాకు గుర్తొచ్చింది.

కాబట్టి ఈ రోజు మీరు తీసుకెళ్లాల్సింది ఒక్క ప్రశ్న. ఎవరైనా మీ దగ్గర కష్టం చెప్పుకుంటే ధైర్యంగా ఉండమని చెప్పకండి. మీ చెల్లెలి కష్టం చెప్పకండి. అంతా అయ్యేదాకా వినండి. ఆ తర్వాత అడగండి. "వీటిలో ముందు ఏది చూద్దాం?" జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. ఆ ఒక్కదానికి ఈ వారంలో ఏ రోజు ఏం చేస్తారో అడగండి. వారం తర్వాత గుర్తుపెట్టుకుని ఫోను చెయ్యండి. ఆ ఫోను మర్చిపోవద్దు. మొదటి రోజు వినేవాళ్లు చాలామందే ఉంటారు. వారం తర్వాత "ఓనరు ఏమన్నాడు?" అని అడిగేవాళ్లు తక్కువ.

మీ చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. "బతకాలని లేదు" అనే మాట వినిపిస్తే, వినిపించినట్టు అనిపించినా సరే, దాటెయ్యకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు. అవదు. అడిగేవాళ్లు ఒకరున్నారని వాళ్లకు కాస్త ఊపిరి ఆడుతుంది. అప్పుడు వాళ్లను ఒంటరిగా వదలకండి. అవసరమైతే ఆసుపత్రికి వెంట వెళ్లండి, బస్సు ఛార్జీ మీరే పెట్టుకోండి.

టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఫోను సేవ ఉంది. ఉచితం. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు. కష్టంలో ఉన్నవాళ్లే చెయ్యాలని లేదు, వాళ్లకోసం మీరు కూడా చెయ్యొచ్చు. నంబరు రాసుకోండి. 14416. కలం వెతుక్కుంటున్నవాళ్ల కోసం మళ్లీ, నెమ్మదిగా. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఫోను తీసినవాళ్లకు "నాకు డిప్రెషన్" అనే చెప్పాలని ఏమీ లేదు. రంది అని చెప్పండి. బెంగ అని చెప్పండి. రాత్రి ఆలోచనలు ఆగడం లేదని చెప్పండి.

నమస్కారం.